పొట్ట తోలు బొటనవేలు

ఆ ఏడు దేశానికి సరిహద్దులు గీస్తున్నారని మా బాపు, అంటే నాన్న, ఉర్దూ పత్రికలో చదివి వినిపించేవాడు. మా ఇంట్లో కూడా ఒక సరిహద్దు తగాదా నడుస్తుండేది. అది నా బొడ్డు గురించి. నా కుడిచేతి బొటనవేలికి వేసిన తోలు బొడ్డుకు పైనుంచి తీసిందా, కిందినుంచి తీసిందా అన్నది తేలితే తప్ప నేను వంటింటి గడప దాటకూడదని నానమ్మ తీర్పు చెప్పింది. బాపు ఊరి పట్వారీ. చుట్టుపక్కల పొలాల హద్దులన్నీ నోటికి చెప్పగలడు. ఈ హద్దు దగ్గరికి మాత్రం రాలేదు. "ఆడోళ్ల ముచ్చట్లు, నాకెందుకు" అని పత్రిక మడత మార్చుకున్నాడు.

మా కొండాపూర్ ఇంటి పెరట్లో చేదబావి ఉంది. దాని ఇనుప గిరక పాతబడి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒక పొద్దున నీళ్లు తోడుతుంటే చేంతాడు జారింది. పట్టుకోబోయాను. తాడుతో పాటు నా బొటనవేలు కూడా గిరకలోకి వెళ్లింది. బయటికి వేలు వచ్చింది కాని దాని కొసనుండే మెత్తటి కండ రాలేదు. ఎముక తెల్లగా కనబడింది. నానమ్మ పసుపు అద్దింది, వదిన పాత చీర చింపి చుట్టింది. బాపు ఆ ఒక్కసారి ఎవరినీ అడగకుండా కచ్చురం బండి కట్టించాడు. హఫీజ్‌పేటలో రైలెక్కి పట్నం దవాఖానకు చేరేసరికి ఆ చీర గుడ్డ ఎర్రబడి, మళ్లీ నల్లబడింది.

అక్కడి పెద్ద డాక్టరు యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాడు. బర్మా వైపు సిపాయిల చేతులు, ముక్కులు, చెవులు అతికించాడని వార్డులో చెప్పుకునేవారు. సిపాయిలతో మాట్లాడి మాట్లాడి ఆయనకు అందరితోనూ అట్లాగే మాట్లాడడం అలవాటైంది.

"రెండు తరీకలున్నయి," అన్నాడు బాపుతో. "ఎముక జర కోసి కుట్టేస్త, వేలు పొట్టిగయితది. లేకుంటే పొట్ట తోలుతోని కప్పుత, పొడుగు దక్కుతది. కాకుంటే చెయ్యిని పొట్టకు కుట్టి మూడు వారాలు అట్లనే ఉంచాలె."

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ముగ్గురం పొట్ట తోలుకు ఒప్పుకున్నామని డాక్టరు రాసుకున్నాడు.

తోలు తీసే చోట సిరాతో గుర్తు పెట్టాలని, చీర కుచ్చిళ్లు కొంచెం కిందికి జరపమన్నాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను, నేను చూడకపోతే ఆయనకూ కనబడదన్నట్టు. ఆ గీత ఎక్కడ పడిందో అమ్మ చూసింది. బొడ్డుకు కిందనే పడింది. నలుగురి ముందు నోరు విప్పడం చేతకాని దాన్ని నేను; నా పొట్ట గురించి తర్వాత ఊరు ఊరంతా నోరు విప్పి మాట్లాడుతుందని ఆ రోజు నాకు తెలియదు.

మూడు వారాలు నా చెయ్యి నా పొట్టను వదలకుండా పట్టుకుని ఉంది, ఏదో పోగొట్టుకున్న మనిషిలా. పొట్టనుంచి లేపిన తోలు ఒక కొస పొట్టకే ఉండి, రెండో కొస వేలికి అతుక్కుంది. పొట్ట రక్తమే దాన్ని బతికిస్తుందట. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. బెజవాడ వైపునుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె కట్టు మార్చేది. ఆమెకు నా వేలు మంచి కాలక్షేపం.

"ఇక్కడ గిల్లితే ఎక్కడ తెలుస్తోందండీ అమ్మాయిగారూ?" అనేది వేలి మీది కొత్త తోలును గిల్లి.

"పొట్ట మీద," అనేదాన్ని.

"చూశారా అండీ, వేలు గిల్లితే పొట్టలో చక్కిలిగింత" అని పక్క మంచాల వాళ్లను పిలిచి చూపించేది. ఆ వార్డులో నవ్వుకోవడానికి మరేమీ లేదు కాబట్టి నేనూ ఓర్చుకున్నాను. మూడు వారాల తర్వాత డాక్టరు పొట్ట వైపు కొసను తెంచి, వేలిని విడుదల చేశాడు. నర్సమ్మ మళ్లీ గిల్లింది. పొట్టలో తెలియలేదు. వేలిలోనూ తెలియలేదు. ఇంకా గట్టిగా గిల్లి, సూది కూడా గుచ్చి, "ఇప్పుడో?" అంది. ఎక్కడా లేదు. తెల్లగా, ఉబ్బుగా, గీతలు లేకుండా ఉన్న ఆ కొస నా చేతికి చుట్టం చూపుగా వచ్చి కూర్చున్నట్టుంది.

డాక్టరు ఆ తోలును తట్టి చెప్పాడు. "తోలు బతికింది. గని దీంట్ల సోయి లేదు, ముట్టుకుంటే తెలుస్తలేదు. నీ వేలి నరాలు దీంట్లకు నిమ్మలంగ పాకి రావాలె. ఊకెనే రావు, పిలవాలె. పిలుసుడంటే ముట్టుకునుడు. పిండి పిసుకు, గింజలు ఏరు, కండ్లు మూసుకోని ఏది ఏందో చెప్పు. ప్రతిదీ ముట్టుకో. ఆరామ్ ఇచ్చినవనుకో, ఏడాది తిరిగేసరికి గుంజ లెక్క అయిపోతది. ఆ తర్వాత నేను గూడ ఏం చెయ్యలేను." పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ఇంకోటి. లావు కావొద్దు. నువ్వు లావైతే ఆ వేలు గూడ లావైతది. అది పొట్ట తోలు."

ఏడాది. నాకు ఆ మాట ఒక్కటే వినబడింది. చదువుకునే వాళ్లకు బొటనవేలు ఎంత అవసరమో అది మొద్దుబారితేగాని తెలియదు. పుట తిప్పితే రెండు పుటలు కలిసి తిరిగేవి. నవలలో నాయిక ఇటు ఏడుస్తూ కనబడి, అటు పెళ్లిపీటల మీద ఉండేది. మధ్యలో ఆమెను ఎవరు ఓదార్చారో నాకు తెలిసేది కాదు. కలం పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకున్నానో అంతు దొరక్క, డైరీ కాగితం చిరిగేది. ఈ వేలికి సోయి రాకపోతే బతికినన్నాళ్లూ ఇలా గుడ్డిగా తడుముకోవాలి. అందుకని ఇంటికి వెళ్లగానే పిండి పిసకాలని, పప్పులు ఏరాలని, కనబడినవన్నీ ముట్టుకోవాలని నిశ్చయించుకుని కచ్చురం దిగాను.

వాకిట్లో అప్పటికే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వేలు చేతులు మారింది. ఒకామె వాసన చూసింది. ఒకామె గోటితో నొక్కి, "నొస్తుందా?" అని నన్ను కాకుండా అమ్మను అడిగింది. మణికొండ అత్త, అంటే బాపు చెల్లెలు, అసలు సందేహం బయటపెట్టింది.

"పొట్ట తోలంటున్నరు గద. రేపు పెండ్లయి కడుపుతోని ఉంటే బొటనేలు గూడ పెరుగుతదా?"

అమ్మ ఊరుకుని ఉంటే సరిపోయేది. "లావైతే లావైతదని డాక్టర్ సాబ్ చెప్పిండు" అంది. దాంతో అందరూ అంతా అర్థమైనట్టు తలలూపారు. ఇంకొకామె, ఆకలైతే వేలు గుర్రుమంటుందేమో రాత్రిపూట చెవి పెట్టి వినమని వదినకు చెప్పింది. వదిన ఆ పని ఆ రాత్రే చేసింది. ఏమీ వినబడలేదని పొద్దున అందరికీ చెప్పింది.

నానమ్మ మాత్రం నవ్వలేదు. మడి బట్ట సర్దుకుని, దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"అదంత పక్కకు పెట్టుండ్రి. బొడ్డుకు పైనుంచి తీసిండా, కిందినుంచి తీసిండా?"

బొడ్డుకు పైనున్న శరీరం శుద్ధమని, కిందిది కాదని మా నానమ్మ లెక్క. ఆ లెక్కన కాళ్లు కడుక్కున్న చేతిని మళ్లీ కడగాలి, ఆ చేత్తో ఊరగాయ తొక్కు జాడీ ముట్టరాదు. ఇప్పుడు కిందిది పైకి ఎక్కి, ఏకంగా చేతికొసన కూర్చుంది. నేను తల వంచుకున్నాను. పట్నం డాక్టరుకు చూపించక తప్పని చోటును నోటితో చెప్పడం నా వల్ల కాదు.

అమ్మ ఆలోచించి, "బొడ్డు పక్కన అత్తమ్మా" అంది.

"పక్కనంటే?"

"పక్కనంటే పక్కననే. పైన గాదు, కింద గాదు."

నానమ్మ పంతులుగారికి కబురు పంపింది. ఆయన వచ్చి, మజ్జిగ తాగి, నా వేలిని దూరంనుంచే పరిశీలించాడు.

"వేలు తెగితే ఏం చెయ్యాల్నో శాస్త్రంల ఉన్నది. వేలుకు కడుపు అతికిస్తే ఏం చెయ్యాల్నో నేను చూడలే. పట్నంల మా గురువుగారి దగ్గర పెద్ద పుస్తకాలున్నయి. అడిగి చెప్త."

"అందాక?"

"అందాక ఎందుకైన మంచిది, ముట్టుకోకుంటే."

అట్లా డాక్టరు ప్రతిదీ ముట్టుకోమన్న వేలిని, ఏదీ ముట్టుకోవద్దన్నారు. కుండ ముట్టరాదు, పిండి ముట్టరాదు, దీపం ముట్టరాదు, తొక్కు జాడీ ఉన్న గదిలోకి తొంగి చూడరాదు. అన్నం కూడా ఆ చేత్తో తినరాదట. "కడుపులకు పొయ్యే బువ్వను కడుపుతోనే తింటరా ఎవలన్నా?" అని నానమ్మ అడిగింది. ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి చెంచా నాకిచ్చారు. పట్వారీ బిడ్డ పట్నం పోయొచ్చి చెంచాతో తింటోందని ఊళ్లో తెలిసింది. తర్వాత ఎక్కడికి వెళ్లినా నన్ను "దొరసానీ" అని పిలిచారు.

ఎండు గింజకు మైల లేదు కాబట్టి బియ్యంలో రాళ్లు ఏరవచ్చన్నారు. నేను సంతోషంగా కూర్చున్నాను. డాక్టరు చెప్పినట్టు కళ్లు మూసుకుని ఏరాను. ఏది గింజో, ఏది రాయో నా వేలికి తెలియలేదు. ఆ మధ్యాహ్నం పట్వారీగారి పళ్ల కింద ఒక రాయి పటుక్కుమంది. అంతవరకు ఆడవాళ్ల ముచ్చట్లలో తలదూర్చని బాపు, ఆ పూట దూర్చాడు. "ఆ పిల్లను చేట దగ్గరికి రానియ్యకుండ్రి" అన్నాడు.

ఇక మిగిలింది పేడ. పేడ మైలను పోగొడుతుంది గాని, దానికి మైల అంటదు. ఎటువంటి వేలైనా దాన్ని ముట్టుకోవచ్చు. ఈ సూక్ష్మాన్ని కనిపెట్టింది మా వదిన. అంతవరకు పేడ పని ఆమెది.

"నానమ్మా, గోమయానికి ఏ దోషం లేదు గద?" అని అడిగింది చాలా వినయంగా.

"దానికేం దోషమే."

"గట్లయితే పిల్లకు గూడ ఏదో ఒక పని ఉన్నట్టుంటది. పాపం, ఊకె కూసుంటే మనసుకు మంచిగుండదు" అని, ఆ సాయంత్రమే తట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "తీస్కో పిల్లా. నీ వేలికి దవా." ఆ తర్వాత వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లడం, ఇల్లు అలకడం, కొట్టం వెనక పెద్ద బండ మీద పిడకలు చరచడం, అన్నీ నావే అయ్యాయి. వదినకేమో చేతులకు పసుపు రాసుకుని గాజులు లెక్కబెట్టుకునేంత తీరిక దొరికింది.

నాలుగు నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్లాం. కళ్లు మూసుకోమని, దూదితో తాకాడు, సూదితో గుచ్చాడు. నేను ఏదీ చెప్పలేకపోయాను. ఆయన నా ముఖం చూశాడు, నా గాజులు చూశాడు, వెనక నిలబడ్డ బాపు శేర్వాణీ చూశాడు.

"ఇంట్ల పనోళ్లున్నరా? నిన్ను కూసోబెట్టి తినిపిస్తున్నరా? నేను సిపాయిలకు చెప్తే ఇంటరు, మహారాణులకు చెప్తే ఇనరు. ఇంకెన్ని నెలలున్నయనుకున్నవు?"

పేడ అని చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. ఆయన చొక్కా అంత తెల్లగా ఉంటే, ఆ మాట అక్కడ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బాపు కూడా గొంతు సవరించుకుని, పై కప్పు వైపు చూశాడు. మహారాణి తిరిగి వచ్చి, మర్నాడు పొద్దున్నే తట్ట ఎత్తుకుంది.

అప్పటినుంచి పట్టుదలతో చరిచాను. కొట్టం వెనక ఎవరూ చూడరు కాబట్టి కళ్లు మూసుకునేదాన్ని. పేడలో జొన్న చొప్ప ముక్కలుంటాయి, వరిగడ్డి పోచలుంటాయి, ఊక, ఇసుక, అరగని గింజలు ఉంటాయి. బొటనవేలితో ఒక్కొక్కటీ తడిమి, ఇది చొప్ప, ఇది పోచ అని ఊహించి, కళ్లు తెరిచి చూసేదాన్ని. చాలా రోజులు అన్నీ తప్పులే. పక్కనున్న చూపుడు వేలు తోలు మారని వేలు కాబట్టి, దానికి అన్నీ ముందే తెలిసిపోయేవి. అది చెప్పకుండా ఉండాలని దానికి గుడ్డ చుట్టాను. పేడ చరిచే పిల్ల వేలికి గుడ్డ చుట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో గొణుగుతోందని చూసిన వాళ్లెవరో చెప్పారట. మణికొండ అత్త మరోసారి వచ్చి, దిష్టి తీసి వెళ్లింది.

వానలు వెనకబట్టి, చలి మొదలైన రోజుల్లో ఒకనాడు చరుస్తున్న ముద్దలో ఏదో చురుక్కుమంది. చూపుడు వేలికి గుడ్డ ఉంది. మిగతా వేళ్లు ముద్దకు అవతల ఉన్నాయి. కళ్లు తెరిచి చూస్తే, పల్లేరు కాయ ఒకటి ఆ తెల్లటి తోలులో దిగి ఉంది. మెల్లగా తీశాను. మళ్లీ గుచ్చుకున్నాను. మళ్లీ చురుక్కుమంది, దూరంగా, గోడ అవతలినుంచి ఎవరో పిలిచినట్టు. ఆ పల్లేరు కాయను ఎన్నిసార్లు గుచ్చుకున్నానో చెబితే మణికొండ అత్త మళ్లీ దిష్టి తీస్తుంది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి వచ్చిందన్న శుభవార్త ఏ ముఖంతో చెప్పాలి? నొప్పి వచ్చినా, నొక్కితే కొంచెం తెలుస్తున్నా, మెత్తటివి ఇంకా తెలియడం లేదు. వెచ్చన, చల్లన తేడా రాలేదు. డాక్టరు చెప్పిన ఏడాదిలో మూడు నెలలే మిగిలాయి. పేడ నేర్పగలిగింది పేడ నేర్పింది. మిగతాది వంటింట్లో ఉంది.

ఆ నెలలోనే వదినను పురిటికి నానక్‌రామ్‌గూడలోని పుట్టింటికి తీసుకుపోయారు. రొట్టెలు చేసే చేతులు రెండు తగ్గాయి. తర్వాత వారానికి అమ్మ జ్వరంతో మంచం పట్టింది. నానమ్మకు చూపు ఆనదు, పొయ్యి దగ్గర కూర్చోలేదు. మడి పట్టింపు చాలా ఉంది కాబట్టి బయటివాళ్లు చేసింది తినదు. మా అన్న తాను చేస్తానని పీట ముందు కూర్చున్నాడు. జొన్నపిండి అంచులు పగిలి, ఆ రొట్టె కచ్చితంగా బాపు దగ్గరుండే ఊరి నక్షా పటంలా తయారైంది. బాపు దాన్ని ఎత్తి చూసి, "నానక్‌రామ్‌గూడ ఇదేనా?" అని అడిగాడు. నానమ్మ ఆ పూట అటుకులు నానబెట్టుకుని తింది. మర్నాడు కూడా అటుకులే. ఆ సాయంత్రం గోడకు ఆనుకుని, నన్ను పిలిచింది.

"ఏమే, ఆ తోలు నీ చేతికొచ్చి ఎన్నాళ్లయింది?"

"చాలా నెలలైంది నానమ్మా."

"ఇన్నాళ్లు ఏ రక్తం తాగి బతికింది?"

"చేతి రక్తమే."

"మరి చేతి రక్తం తాగినంక అది చెయ్యి గాక ఏమైతది?" అంది, ఇన్నాళ్లూ మేమే ఆ సంగతి దాచిపెట్టినట్టు. "మా పుట్టింటి నుంచి వచ్చినదాన్ని గూడ ఈ ఇంటి కూడు తిన్నంక ఈ ఇంటిదాన్నే అన్నరు. తోలుకొక న్యాయం, నాకొక న్యాయమా? పో, తానం జేసి పొయ్యి ముట్టియ్యి."

నేను తలకు పోసుకుని వచ్చి పొయ్యి ముట్టించేసరికి వాకిట్లో పంతులుగారు నిలబడి ఉన్నాడు. గురువుగారి పుస్తకాలు చూసి వచ్చాడట. పట్నంలో రెండు పూటలు ఉండి మరీ చూశాడట.

"దోషమే అమ్మా," అన్నాడు నానమ్మతో. "శాంతి చేయించాలె. ఒక ఆవు దూడతోని..."

"జరసేపు ఆగుండ్రి పంతులూ," అంది నానమ్మ. "రొట్టె అయితున్నది. తిన్నంక మీ మాట ఇంట."

ఆయన ఒక క్షణం వంటింటి వైపు చూశాడు. పొయ్యి వాసన వస్తోంది. "సరే," అని చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్నాడు.

మరుగుతున్న నీళ్లు పోసి, పిండి కలిపాను. ముద్ద చేతుల్లో ఉంటే అరచేతికి వేడి తెలిసింది, నాలుగు వేళ్లకు తెలిసింది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి, తెలిసిందని నేను కోరుకుంటున్నానా, నిజంగా తెలిసిందా అని అనుమానం వచ్చింది. పీట మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తట్టి, తిప్పుతూ వెడల్పు చేశాను. రొట్టె అంచు పగలకుండా బొటనవేలితో ఎప్పటికప్పుడు దగ్గరికి నొక్కుతూ ఉండాలి. పగులు కంటికి కనబడేసరికి ఆలస్యమవుతుంది. అది వేలికి ముందే తెలియాలి. కళ్లు మూసుకున్నాను. ఒకచోట అంచు మెత్తగా లేదు, కొంచెం గరుగ్గా, విడిపోతున్నట్టు ఉంది. నొక్కి, కళ్లు తెరిచి చూశాను. అక్కడే సన్నటి గీత. రెండోచోట తప్పయింది. మూడోచోట మళ్లీ దొరికింది.

"ఏం జేస్తున్నవే, నిద్రవోతున్నవా?" అని నానమ్మ గోడ దగ్గరినుంచి అడిగింది.

రొట్టెను రెండు చేతులతో లేపి, పొయ్యి మీది పెంక మీద వేసి, తడి గుడ్డతో పైన తుడిచాను. తిప్పడానికి అంచు పట్టుకోబోయాను. బొటనవేలు పెంకకు తగిలింది. తగిలిందని నేను అనుకునేలోపే చెయ్యి దానంతట అది వెనక్కి వచ్చేసింది. ఆ తెల్లటి తోలు ఎర్రబడి, మండుతోంది. మంట ఎక్కడుందో వెతకనక్కర్లేకుండా, సరిగ్గా వేలి కొసనే ఉంది.

"నిమ్మలంగ చెయ్యి పిల్లా, చెయ్యి కాల్తది," అంది నానమ్మ.

"కాలింది నానమ్మా," అన్నాను. వాకిట్లో అరుగు మీద పంతులుగారికి, లోపల మంచం మీద అమ్మకు, పత్రిక చదువుతున్న బాపుకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాను. "బాగ కాలింది. మండుతున్నది."

బాపు పత్రిక దించాడు. అమ్మ మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది.

"కాలితే కాలింది గని," అంది నానమ్మ, "ముందుగాల ఆ రొట్టె తిప్పు. మాడుతున్నది."